జడ విప్పే పాట

చెన్నమ్మ గొంతు పోయిందన్న సంగతి ఉచ్చీరమ్మకు తెలిసేటప్పటికి తాళ్ళు పైకి కట్టడం కూడా అయిపోయింది. ఆదోనిలో మూతపడిన ఆ పాత జిన్నింగు మిల్లు షెడ్డులో, ఒకప్పుడు పత్తి బోరాలు పైకెత్తిన ఇనుప దూలానికి ఎనిమిది తాళ్ళు వేలాడుతున్నాయి, పాత చీరలు చింపి పేనిన తాళ్ళు, ఎరుపు, పసుపు, చిలకపచ్చ, నీలం, వంగపండు రంగు, వాకిట్లోంచి వచ్చిన గాలికి అన్నీ ఒకేసారి ఊగుతుంటే కంటికి కనిపించనివాళ్ళు ఎవరో అప్పుడే ఆట మొదలుపెట్టినట్టుంది, ఆమె అదే చూస్తూ నిలబడి ఉండగా చెన్నమ్మ వచ్చింది, నవ్వింది, నోరు తెరిచింది, నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది. "ఏమ్మే?" అంటే మళ్ళీ గాలే. గొంతు మీద చెయ్యి పెట్టుకొని, రెండు చేతులతో తాళి కట్టినట్టు, తర్వాత ఐసు నాకినట్టు, ఆ తర్వాత బస్సులో కండక్టరుతో కొట్లాడినట్టు చేసి చూపింది. చెల్లెలి మనవరాలి పెండ్లిలో పాడి, ఐసు తిని, దారిపొడుగునా చిల్లర కోసం అరుచుకుంటూ వచ్చిందన్నమాట. "నీ నోరు పాడుగాను, నోరు ఒక్కటే గదమే నీకుండే ఆస్తి, అది యాడ పారేసుకున్నావు?" అని ఉచ్చీరమ్మ తిట్టింది, తిడుతుండగానే చెన్నమ్మ ఒక వేలు ఎత్తి తాళ్ళ వైపు చూపింది, గుండ్రంగా వెనక్కి తిప్పింది, ఆ వేలు తెచ్చి ఉచ్చీరమ్మ రొమ్ము మీద పెట్టింది. విప్పే పాట ఈరోజు నువ్వే.

జడ కోలాటంలో అల్లే పాట ఉచ్చీరమ్మది, విప్పే పాట చెన్నమ్మది, ఎమ్మిగనూరు పక్క ఊళ్ళ ఆడవాళ్ళూ ఆదోని ఆడవాళ్ళూ ఒక జట్టుగా కలిసినప్పటి నుంచీ అంతే. ఒక్కొక్కరు ఒక చేతిలో తాడు కొస, ఒక చేతిలో కోల పట్టుకొని, నలుగురు కుడికీ నలుగురు ఎడమకూ ఒకరి సందులోంచి ఒకరు దూరుతూ ఆడతా ఉంటే నెత్తి మీద తాళ్ళు వాటంతట అవే జడ అయిపోతాయి. ఆడేవాళ్ళకు ఆ జడ కనిపించదు, వాళ్ళ కండ్లు కోల మీద, అడుగు మీద ఉంటాయి, మైకు ముందర ఉండే పాటగత్తెకే కనిపిస్తుంది, ఆమె సమయానికి కేక వేస్తేనే వాళ్ళు వెనక్కి తిరుగుతారు, అల్లింది అల్లినట్టు విప్పుతారు. ఒక్క అడుగు తప్పినా తాళ్ళు చిక్కుపడతాయి, చిక్కుపడితే కత్తి తేవాలి. తాళ్ళు కోసినారంటే ఆ జట్టు మళ్ళా కలిసి ఆడకూడదు. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు, అందరూ పాటిస్తారు, ఉరుకుంద జాతరలో ఒక జట్టు జడ కోసుకొని, ఆ మరుసటి ఏడాది ఆ ఆడవాళ్ళంతా పూజసామాన్ల అంగళ్ళ దగ్గర విడివిడిగా నిలబడి మిగతావాళ్ళ ఆట చూడడం ఉచ్చీరమ్మ కండ్లారా చూసింది. జడ నడుముల దాకా దిగంగానే ఆమె మైకు చెన్నమ్మ చేతిలో పెట్టి, నీళ్ళ చెంబు తీసుకొని అటు తిరిగిపోయేది, నీళ్ళు తాగినంత సేపూ తాగేది, చెంబులో నీళ్ళు అయిపోయినా తాగేది. విప్పే పాటలో ఒక్కొక్క తాడుకు ఒక్కొక్క చరణం, ఒక్కొక్క చరణంలో ఒక్కొక్క ఊరు, గోనెగండ్ల అమ్మ గోనెగండ్లకు పోయె, నందవరం చెల్లి నందవరానికి పోయె, అట్లా ఒక్కొక్కరినీ పేరుపెట్టి సాగనంపి, అందరి తాళ్ళూ విడిపోయినాక చివరికి "వదలండమ్మా" అని ఒక మాట అనాలి, అంటే ఎనిమిది చేతులూ ఒకేసారి కొసలు వదిలెయ్యాలి. ఆ మాట ఉచ్చీరమ్మ నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

ఇంకా వాళ్ళ వంతు రాలేదు. ఆదోని కళాకారులంతా కలిసి చేసుకొనే పండుగ ఇది, పొద్దుటి నుంచి జరుగుతోంది, స్టేజీ పక్కన బల్లల మీద ఎవరి లోకం వాళ్ళది, పద్యనాటకంలో రాజు వేషం కట్టినాయన అతికించిన మీసాన్ని ఒక వేలితో పైకి ఎత్తిపట్టుకొని ఉగ్గాని తింటున్నాడు, కవ్వాలీ వాళ్ళు కిళ్ళీలు నములుతూ హార్మోనియం మెట్లను రుమాలుతో తుడుస్తున్నారు, డోలు కొట్టే సోమప్ప నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి. మొన్న ఉగాది వెళ్ళిన తర్వాత కైరుప్పల పోయి పిడకల గుద్దులాటలో నిలబడ్డాడు. "సూసుకొని నిలబడకూడదా సోమప్పా?" అంటే, "సూసుకొని నిలబడితే ఈపుకు తగులుతాదక్కా, ఎదురుగా నిలబడినా కాబట్టి నుదుటికి తగిలింది" అన్నాడు, ఆ బొప్పిని బిరుదులాగా తడుముకుంటూ. ఉచ్చీరమ్మకు నవ్వొచ్చింది, నవ్వుతూనే విప్పే పాట మొదటి చరణం మనసులో పట్టుకోబోయింది, పాట వచ్చు, అక్షరం పొల్లు పోకుండా వచ్చు, అటు తిరిగి నిలబడినంత మాత్రాన చెవులు మూతపడవు గదా, కానీ గోనెగండ్ల అమ్మ అన్న చోటే పాట ఆగిపోయింది, సరే ఇంకొకసారి, గోనెగండ్ల అమ్మ గోనెగండ్లకు, ఎందుకు పోవాల, అసలు ఎందుకు పోవాల, ఇప్పుడే గదా వచ్చింది.

స్టేజీ వెనక తెర మీద ఆదోని కొండ నీలంగా పడుకొని ఉంది. అది శేషన్న వేసింది, ఈ పండుగకు ఫ్లెక్సీ పెట్టకూడదని అందరూ అనుకొని శేషన్న చేత వేయించినారు, రంగులు ఆరలేదని ఆయన పొద్దున నుంచి తెర దగ్గరే కాపలా ఉన్నాడు, చూసినవాళ్ళంతా కొండ బాగుంది, పడుకున్న బర్రె మాదిరి ఉంది అంటున్నారు, ఆయన దాన్ని మెప్పుకిందే తీసుకుంటున్నాడు. ఎమ్మిగనూరులో గోడల మీద అంగళ్ళ పేర్లు రాసే శేషన్న, చొక్కా గుండీలు లేని వయసులో ఉచ్చీరమ్మ ఇంటి ముందరికి వచ్చి, "అక్కా, నాలుగు బారల దారం ఇయ్యి, కొస పట్టుకోను ఒక మనిషిని ఇయ్యి" అని అడిగినాడు. దారానికి నీలిమందు పూసి, గోడకు రెండు పక్కలా ఇద్దరు బిగబట్టుకొని, నడుమ పట్టి లాగి వదిలితే టప్పుమని తిన్నని గీత పడేది, ఆ గీత మీద అక్షరాలు కూర్చొనేవి. ఉచ్చీరమ్మ ఒక కొస పట్టుకుంది, మగ్గం ఇంట్లో పుట్టిన పిల్లకు దారం కొస పట్టుకోవడం ఎవరు నేర్పాలి, పట్టుకున్న కొస వదలకుండా ఆయన రాసే అక్షరాన్ని చూసింది, తలుపంత అక్షరం, ముందు సుద్దతో గీసి, తర్వాత అంచు కట్టి, తర్వాత లోపల రంగు నింపుతాడు, ఒక్క అక్షరానికి అంతసేపు పడితే చూసేవాళ్ళకు రాకుండా ఎట్లా ఉంటుంది. బడికి పోయినవాళ్ళు చీమలంత అక్షరాలతో మొదలుపెడతారు, ఆమె ఏనుగులతో మొదలుపెట్టింది. ఆమె ఎవరినీ అడగకుండా కూడబలుక్కొని చదివిన మొదటి మాట పురుగుల మందులు. ఆ రోజు ఇంటికి పోయి మగ్గం గుంటలో కూర్చున్న మొగునితో చెప్పింది, పురుగుల మందులు అని రాసుందబ్బా ఆ గోడ మీద, నేనే చదివినా అని, దేవేంద్రప్ప పడుగులో అటూ ఇటూ ఆడే నాడె ఆపి, "అయితే ఇంగ మన ఇంట్లోకి పురుగు రాదులే" అన్నాడు.

దేవేంద్రప్ప. పోయొస్తా అన్నాడు ఒక పొద్దున, నూలు తేవడానికి పోతూ, ఆమె పొయ్యి దగ్గర ఉంది, తిరిగి చూడకుండానే ఊ అనింది, ఆ ఊ తర్వాత ఆయన నడిచి రాలేదు, నలుగురు మోసుకొచ్చినారు. అప్పటి నుంచి ఎవరు పోయొస్తామన్నా ఆమెకు ఇంట్లో పనులు పుడతాయి, పొయ్యి మీద ఏదో మాడుతుంది, పెరట్లో ఏదో పడుతుంది, బస్టాండుకు సాగనంపడానికి పోతే బస్సు కదలక ముందే తిరిగి వచ్చేస్తుంది. కోతల కాలంలో సుగ్గికి గుంటూరు మిరపకాయల పనికి లారీలు ఎక్కేటప్పుడు ఊరంతా రోడ్డు మీద ఉంటే ఆమె ఒక్కతే ఇంట్లో రాట్నం ముందర కూర్చుంటుంది, మళ్ళీ ఉగాదికి ఆ లారీలే తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అందరికంటే ముందు ఆమే రోడ్డు మీద. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో చివరి రెండు పేజీలు చదవకుండా తిరిగి ఇచ్చేస్తుంది. "ఆ కథ ఎట్లయిపోయిందక్కా?" అని శేషన్న అడిగితే "ఇంగా అయిపోలేదప్పా, వాళ్ళు బాగనే ఉన్నారు" అంటుంది. పుస్తకంలో వాళ్ళను బాగా ఉంచడం ఆమె చేతిలో పని. ఈ జట్టు ఎవరి చేతిలో పని, చెన్నమ్మ గొంతులో ఉండింది, ఆ గొంతు ఐసు తిని పోయింది, ఆ చెన్నమ్మ చూడు, ఏమీ పట్టనట్టు రాజు వేషం ఆయన పొట్లంలోంచి బజ్జీ తీసుకుంటోంది, గొంతు పోయింది గానీ మింగడానికి పనికొస్తున్నట్టుంది.

పేరు పిలిచినారు. మైకు ముందరికి పోవడం ఆమెకు గుర్తులేదు, కాళ్ళే తీసుకొనిపోయినాయి, సోమప్ప డోలు మీద మొదటి దెబ్బ వేసేటప్పటికి అల్లే పాట దానంతట అదే వచ్చేసింది. ఇది ఆమె సొంతం, ఇది పాడడానికి ఊపిరి కూడా అక్కర్లేదు, అల్లరే అల్లరే అక్కచెల్లెళ్ళారా, అల్లితే మన చేను అంతటి జడరా, ఎనిమిది మందీ లోపలికి ఒక అడుగు, బయటికి ఒక అడుగు, కోలకు కోల తగిలి రేకుల కప్పు మొత్తం టకటకమని తిరిగి పలుకుతోంది, ఎమ్మిగనూరు అనూరాధ వంగపండు రంగు తాడుతో కుడికి పోతోంది, ఆదోనిలో సెల్‌ఫోను అంగడిలో పనిచేసే శిరీష పసుపు తాడుతో ఎడమకు వస్తోంది, పసుపు కింద వంగపండు, చిలకపచ్చ మీద ఎరుపు, దూలం నుంచి జడ దిగుతోంది, ఎంత చక్కగా దిగుతోంది, మగ్గం మీద గుడ్డ దిగినట్టు, ఎక్కడా ఒక పోగు లూజు లేదు, పిల్లల మొహాలు చెమటతో మెరుస్తున్నాయి, మొన్నటిదాకా మిరపకాయలు కోసి మండిన వేళ్ళతో ఆ కోలలు ఎట్లా తిప్పుతున్నారో చూడు, ముందు వరసలో పిల్లలు ఈలలు వేస్తున్నారు, కవ్వాలీ ముసలాయన తొడ మీద తాళం వేస్తున్నాడు, ఆమెకు అనిపించింది, ఇట్లనే ఉండిపోతే ఏమి, ఈ పాటకు ఇంకొక చరణం, ఇంకొక చరణం కట్టుకుంటా పోతే జడ నేల దాకా దిగి, నేల మీద చుట్టలు పడి, వాకిలి దాటి, రోడ్డు పట్టుకొని ఎమ్మిగనూరు దాకా పోదా.

అప్పుడు అనూరాధ తాడు తెగింది. పాత చీర గదా, ఎన్నేండ్లు ఆగుతుంది, చేతికి జానెడు పైన పుటుక్కుమంది. ఆ పిల్ల అడుగు ఆపలేదు, ఆపలేదు సరే, కోల చంకలో పెట్టుకొని, మగ్గం మీద పోగు తెగితే చేతులు ఏం చేస్తాయో అదే చేసింది, కన్ను చూడక ముందే చేతులు తెగిన కొసను పట్టి పక్కనున్న పోగుతో మెలిపెట్టి ముడి వేసేశాయి, పుట్టినప్పటి నుంచి చేసిన పని, నిద్రలో కూడా చేసే పని. ఎదురుగా ఆ క్షణాన దాటుతున్నది శిరీష. ముడి పడింది శిరీష పసుపు తాడుకు. నేతవాళ్ళ ముడి అది, లాగేకొద్దీ బిగుసుకుంటుంది. ఎనిమిది మందిలో మిగతా ఆరుగురికి తెలియదు, వాళ్ళిద్దరికి మాత్రం తెలిసింది, కుడికి పోవలసిన పిల్లా ఎడమకు పోవలసిన పిల్లా ఒక ముడికి రెండు పక్కలా నిలబడి మైకు వైపు చూసినారు. "అవ్వా" అని శిరీష పెదవులు కదిలినాయి. సోమప్ప డోలు మాత్రం సాగుతోంది. మైకు అందించే ఆయన స్టేజీ పక్క నుంచి చిన్న కత్తి తీసి, "కోసేద్దునా అవ్వా, ఒక్క నిమిషం పని" అన్నాడు మెల్లగా, మంచి మనసుతోనే అన్నాడు.

ఆమె చెన్నమ్మ వైపు చూసింది. చెన్నమ్మ నోటికి బజ్జీ అడ్డం ఉంది, చేతులు రెండూ గాల్లో లేచి అట్లనే ఆగిపోయినాయి. చెంబు పక్కనే ఉంది. అటు తిరిగి నీళ్ళు తాగొచ్చు, ఈ చెంబులో నీళ్ళు అయిపోయేలోపల ఎవరో ఒకరు కోసేస్తారు, వచ్చే శ్రావణంలో ఈ ఎనిమిది మందీ ఉరుకుంద అంగళ్ళ దగ్గర విడివిడిగా నిలబడతారు, ఆమె ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. వద్దు. ఆమె కండ్లు ఆ ముడి మీదనే ఉన్నాయి, పసుపూ వంగపండూ, పై నుంచి రెండు తాళ్ళు దిగి ముడి దగ్గర కలిసినాయి, నడుమ సందు ఉంది, మగ్గం మీద పడుగు పోగులు కిందామీదా విడిపోయినప్పుడు తెరుచుకొనే సందులాంటిదే, ఆ సందులోంచే గదా నాడె ఇటు నుంచి అటు పోయేది, పడుగు ఎక్కడికీ పోదు, కొసలు కట్టేసి ఉంటుంది, పోయి వచ్చేది నాడె ఒక్కటే. కత్తి తీసినాయనకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నోరు తెరిచింది, వచ్చేది గాలో పాటో ఆమెకే తెలియదు, పాట వచ్చింది, విప్పే పాట వరసలోనే వచ్చింది గానీ మాటలు ఎవరూ విననివి, ఎమ్మిగనూరమ్మ ఆగవే ఆడ, ఆదోని చెల్లెలా నిలువవే ఈడ, మీ నడుమ సందు మాకు ఇయ్యరే, గోనెగండ్ల అమ్మ కొస తోయవే.

ఒక దెబ్బ, రెండు దెబ్బలు, ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అనూరాధకు అర్థమైంది, ఆ పిల్ల మొహం వెలిగింది, శిరీష రెండు భుజాలూ పట్టుకొని నడిమికి జరిపి నిలబెట్టి తానూ నిలబడింది, ఇద్దరూ ముడిని చెరొక చేత్తో ఎత్తి పట్టుకొని సందు తెరిచినారు. గోనెగండ్ల అమ్మాయి తన ఎర్ర తాడు కొసను ఆ సందులోంచి దూర్చింది, చుట్టూ తిరిగి అవతల తానే అందుకుంది, తాడు జడలోంచి జారి వచ్చింది. గోనెగండ్ల అమ్మ గోనెగండ్లకు పోయె. అనేసింది. అన్నట్టు కూడా ఆమెకు తెలియలేదు, ఎందుకంటే అప్పటికే నందవరం పిల్ల కొస చేత పట్టుకొని సిద్ధంగా ఉంది, తొందరగా పాడవ్వా అన్నట్టు చూస్తోంది, నందవరం చెల్లి నందవరానికి పోయె, ఎరుపు పోయి పచ్చ, పచ్చ పోయి నీలం, ఒక్కొక్క కొస సందులోంచి దూరినప్పుడల్లా ముందువరస పిల్లలు హో అంటున్నారు, సోమప్ప ఇప్పుడు కోలాటం దెబ్బ వదిలేసి మగ్గం పలక పడినట్టు టక్కు టక్కు అని కొడుతున్నాడు, ఎవరు చెప్పినారు ఆయనకు, ఎవరూ చెప్పలేదు, ఆమె ఊరి పేరు పాడిన ప్రతిసారీ ఆ ఊరి పిల్ల విడిపోయిన తాడు పట్టుకొని బయటికి పోయి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ ఆమె ఎదురుగానే వచ్చి నిలబడి నవ్వుతోంది. ఇంతకాలం అటు తిరిగి నీళ్ళు తాగినందువల్ల ఆమె ఇది చూడలేదు. విప్పినాక వాళ్ళు పోయేది ఎంత దూరమో ఆమెకు తెలియదు. నాలుగు అడుగులు.

చివరికి ఇద్దరు మిగిలినారు, పసుపూ వంగపండూ ఒకదాన్నొకటి చుట్టుకొని దూలం దాకా ఒకే తాడులాగా ఉన్నాయి. పాటలో ముడిపడిన తాళ్ళకు చరణం లేదు. ఆమె ఒక్క గుక్క గాలి పీల్చుకొని, ఎమ్మిగనూరమ్మ ఏడికీ పోలే, ఆదోని చెల్లి అసలికే పోలే, ఒప్పులకుప్ప తిరగరే పిల్లా, అనేసింది, షెడ్డంతా గొల్లుమంది, ఆ ఇద్దరూ చేతులు పెనవేసుకొని వెనక్కి వాలి గిర్రున తిరగడం మొదలుపెట్టినారు, వాళ్ళతోపాటు ముడి తిరిగింది, ముడితోపాటు తాళ్ళు తిరిగినాయి, దూలం దగ్గరి నుంచి మెలిక విడిపోతూ విడిపోతూ కిందికి వచ్చింది, ఆ ఇద్దరి వాలుజడలు ఊడినాయి, పూలు రాలినాయి, కవ్వాలీ వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, రాజు మీసం ఎగిరి ఉగ్గానిలో పడింది, ఆయన దాన్ని వెతుక్కోవడం లేదు. పసుపు ఒక పక్క, వంగపండు ఒక పక్క, ముడి నడుమ, జడ ఎక్కడా లేదు. డోలు ఆగింది. ఎనిమిది మందీ ఆమె వైపు చూసినారు.

"వదలండమ్మా."

చిన్నగానే అనింది. వదిలేశారు, ఆరు తాళ్ళు ఆరు చోట్ల ఊగినాయి, ముడిపడిన రెండూ కలిసి ఊగినాయి, అనూరాధా శిరీషా తాళ్ళు వదిలేసి ఒకరినొకరు మాత్రం వదల్లేదు, కండ్లు తిరిగి ఇద్దరూ కింద కూలబడి, లేవలేక పొట్టలు పట్టుకొని నవ్వుతున్నారు. "కన్ను యాడ పెట్టుకున్నావక్కా, నా తాడు నీకు పోగు మాదిరి కనపడిందా?" అని శిరీష అడుగుతోంది, "ఇంగ నయం, నీ జడకు కట్టలేదు" అంటోంది అనూరాధ. మైకు ఆయన కత్తిని జేబులో పెట్టేసుకొని కవ్వాలీ వాళ్ళకు రమ్మని సైగ చేసినాడు. చెన్నమ్మ దగ్గరికి వచ్చింది, కండ్లు తుడుచుకుంటోంది, బజ్జీ నూనె చెయ్యి చీరకు రాసుకొని, అలవాటుగా మైకు కోసం ఆ చెయ్యి చాపింది.

"పోవే, నీకు గొంతే లేదు," అని ఉచ్చీరమ్మ మైకును రొమ్ముకు ఆనించుకుంది. తర్వాత సోమప్ప వైపు తిరిగింది. "ఆ కవ్వాలీ సాయబులను ఒక రవ్వంత సేపు కూర్చోమను సోమప్పా, పిల్లోళ్ళు లేస్తే మళ్ళా మొదటి నుంచి అల్లుకుంటాము."